కాంటా ఎటు తిరిగి ఉంది?

తెలంగాణలో లారీలు తూచే వేబ్రిడ్జిని ధర్మకాంటా అంటారు. ఊరి పొలిమేరలో, రోడ్డు పక్కన, రేకు బోర్డు మీద ఆ మాట రాసి ఉంటుంది. దాని ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్ళినా నాకు ఆ పేరు పాతబడదు. ఇనుప పలక మీదికి బండి ఎక్కుతుంది, పక్క గదిలో అంకె పడుతుంది, ఆ అంకెను మనవాళ్ళు ధర్మం అని పిలుచుకున్నారు. న్యాయం అనగానే నాకు కోర్టుకన్నా, గ్రంథాలకన్నా ముందు ఆ కాంటాయే గుర్తొస్తుంది.

2025 యాసంగిలో మా చిన్నాన్న కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసి పదకొండు రోజులు కాపలా ఉన్నాడు. పొద్దున ఆరబోయడం, సాయంత్రం మబ్బు పట్టగానే కుప్ప చేసి టార్పాలిన్ కప్పడం. తేమ 17 శాతం దాటితే కొనరు. మిషన్లో గుప్పెడు గింజలు పోస్తే ఒకరోజు పద్దెనిమిదిన్నర, మరునాడు పదిహేడున్నర. పన్నెండో రోజు వంతు వచ్చింది. హమాలీలు సంచి నింపి కాంటా మీద పెడుతున్నారు, లెక్క రాసే కుర్రాడు అంకె చూసి తల ఊపుతున్నాడు, సంచి దించి మూతి కుట్టేస్తున్నారు. కాంటా ముఖం కుర్రాడి వైపు ఉంది. చిన్నాన్న అటు వెళ్ళి తొంగి చూశాడు. సంచికి 40 కిలోల వడ్లు, గోనె బరువు కింద ఇంకో ఆరేడు వందల గ్రాములు పడితే సరి. అంకె 42 దాటుతోంది.

"ఇటు తిప్పు బిడ్డా, నాకూ కనబడనీ" అన్నాడు.

"ఏం బాపూ, మా మీద నమ్మకం లేదా?"

ఆ గొంతులో కోపం లేదు. కుర్రాడు నిజంగానే నొచ్చుకున్నాడు. చిన్నాన్న ఇంకేమీ అనలేక వెనక్కి వచ్చి కుప్ప పక్కన కూర్చున్నాడు.

ఆ ఎక్కువ తూకానికి తరుగు అని పేరు. తాలు ఉంటుంది, మట్టి ఉంటుంది, మిల్లుకు చేరేలోగా ఆరుతుంది అని చెబుతారు. అందులో కొంత నిజముంది. ఎంత తాలుకు ఎంత తరుగు అన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు, ఆ పూట ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాటే లెక్క. సంచికి కిలోన్నర చొప్పున రెండు వందల సంచులకు మూడు క్వింటాళ్ళు. ఆ ఏటి మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. 6,960 రూపాయలంటే ఇంచుమించు ఎకరం నాటుకూలి. దొంగ ఎవరూ కనబడరు. కాంటా తప్పు చూపలేదు, కుర్రాడు తప్పు రాయలేదు, మిల్లు వాళ్ళు అడిగిందే కేంద్రం వాళ్ళు ఇచ్చారు. రైతు ఇంట్లో మాత్రం ఎకరం నాటుకూలి తగ్గింది.

న్యాయం మాట వచ్చినప్పుడల్లా మనం మనుషుల మంచిచెడ్డలు ఎంచడం మొదలుపెడతాం. ఆయన ధర్మాత్ముడు, వీడు మోసగాడు అని తేల్చుకుంటే పని అయిపోయిందనుకుంటాం. ఊళ్ళో, ఇంట్లో, ఆఫీసులో నేను చూసినవన్నీ కలిపి చూస్తే ముందు అడగాల్సింది వేరే అనిపిస్తుంది. కొలిచేది ఎవరు? కొలత ఎవరికి కనబడుతోంది? తప్పు అనిపించినప్పుడు ఆపమనే ధైర్యం కొలిపించుకునే వాడికి ఉందా? ఈ మూడూ పట్టుకుని మన చుట్టూ ఉన్న న్యాయాన్యాయాలను ఒకసారి చూసి రావాలన్నదే ఈ వ్యాసం.

మన భాష ఈ విషయంలో చాలా పదునైనది. అన్యాయం జరిగింది అని ఊరుకోం, "అన్యాయమైపోయాను" అంటాం. జరిగినదాన్ని పక్కన పెట్టి చూడలేనంతగా అది మనిషిలో కలిసిపోయిందని ఆ మాట చెబుతుంది. నీతి, న్యాయం అని జంటగా వాడే రెండు మాటలను అమర్త్య సేన్ 2009లో అచ్చయిన తన న్యాయ విచారణ గ్రంథంలో విడదీసి చూపించారు. ఆయన లెక్కలో నీతి అంటే సంస్థలూ నియమాలూ సరిగా ఉండడం, న్యాయం అంటే ఆ నియమాల కింద బతికే మనుషులకు చివరికి ఏం దక్కిందన్నది. కొనుగోలు కేంద్రంలో నీతికి లోటు లేదు. మద్దతు ధర బోర్డు ఉంది, తేమ మిషన్ ఉంది, కాంటా ఉంది. సేన్ చెప్పిన అర్థంలో న్యాయం మాత్రం చిన్నాన్నకు అందలేదు.

అదే పుస్తకంలో పిల్లనగ్రోవి కోసం కొట్లాడుకునే ముగ్గురు పిల్లలు ఉన్నారు. ఒకరికి వాయించడం వచ్చు, ఒకరికి ఆడుకోవడానికి వేరే ఏమీ లేదు, ఒకరు నెలల తరబడి కష్టపడి దాన్ని తయారుచేశారు. ఎవరికివ్వాలి? ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. పండితులకు అది ఒక చిక్కుముడి. మన దగ్గర అది నీళ్ళ తగాదాగా రోజూ ఉంటుంది.

చెరువు కింద సేద్యంలో నీళ్ళు పంచే మనిషి ఒకడుండేవాడు. తెలంగాణలో నీరటికాడు, రాయలసీమలో నీరుగంటి. తూము తెరిచేదీ మూసేదీ అతనే. ఏ మడికి ఎంతసేపు పారాలో అతని నోటి లెక్క. చాలాచోట్ల ఆ పని దళిత కుటుంబాలది. ఆ చెరువు కింద వాళ్ళకు సొంత భూమి ఉండకపోవడమో, ఉన్నా కుంటల్లో ఉండడమో జరిగేది. కోతలయ్యాక ప్రతి కళ్ళంలోనూ అతనికి ఇన్ని గింజలని కొలిచి ఇచ్చేవాళ్ళు. ఈ ఏర్పాటును మెచ్చుకోవడానికి నాకు నోరు రాదు. భూమి లేకపోవడం అతను కోరుకున్నది కాదు, ఆ లేమి మీదే ఊరు తన నిష్పక్షపాతాన్ని కట్టుకుంది. అయినా అందులో ఉన్న తెలివిని గుర్తించకుండా ఉండలేం. నీళ్ళలో తనకు వాటా లేనివాడి చేతిలో నీళ్ళ లెక్క పెట్టారు. పైగా అతని పని పొద్దున్నే అందరి కళ్ళ ముందూ, గట్టు మీద జరిగేది. ఎవరి మడి తడిసిందో ఎవరిది తడవలేదో ఊరందరికీ తెలిసేది.

పెద్ద కాలువలు వచ్చాక ఆ కంటిచూపు పోయింది. కాలువ తల దగ్గర ఉన్నవాడికి తోక దగ్గర ఉన్నవాడు కనబడడు. తల దగ్గర వరి మీద వరి, మోకాలి లోతు నీళ్ళు. చివరి భూముల్లో నాట్లు పసుపెక్కి, ఆయిల్ ఇంజన్ అద్దెకు తెచ్చి మురుగుకాలువలో నీళ్ళు తోడుకోవడం. పై రైతు చెడ్డవాడేం కాదు. తన తూము తాను తెరుచుకున్నాడు. ఇరవై కిలోమీటర్ల కింద ఎవరి పొలం ఎండిందో అతనికి తెలిసే దారి లేదు, తెలుసుకోవాల్సిన అవసరం కూడా ఎవరూ కల్పించలేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల చేతికే నీటి నిర్వహణ ఇస్తూ చట్టం చేసింది. పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి, ఎన్నికలు కూడా జరిగాయి. ఆలోచన గొప్పది. కానీ చాలా సంఘాలు కాలువ పూడిక పనుల దగ్గరే ఆగిపోయాయి. తల దగ్గర ఎన్ని నీళ్ళు వదిలారు, తోక దగ్గరికి ఎన్ని చేరాయి అన్న లెక్క రైతుల ముందు పెట్టే అలవాటు పడలేదు.

ఇదే గొడవ రాష్ట్రాలంత పెద్దదైతే కృష్ణా తగాదా అవుతుంది. బచావత్ ట్రిబ్యునల్ 1973లో తీర్పు ఇచ్చింది. నాలుగేళ్ళలో మూడేళ్ళు నమ్మకంగా వచ్చే నీళ్ళు 2,060 టీఎంసీలని లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది. 1960 నాటికే వాడుకలో ఉన్న నీళ్ళను ముందుగా కాపాడింది. ముందు నుంచి వాడుకుంటున్నవాడి పొలం ఎండబెట్టకూడదన్నది దాని వెనకున్న న్యాయం. విజయవాడ ఆనకట్ట 1850లలోనే వచ్చింది కాబట్టి కృష్ణా డెల్టా రైతుకు నాలుగైదు తరాల హక్కు ఉంది. ఆ మాట కాదనలేం. కృష్ణ తమ పక్క నుంచే పోతున్నా తాగునీటికి కూడా నోచుకోక బొంబాయికి, పుణెకు మట్టిపనికి పోయిన పాలమూరు కూలీ మాట కూడా కాదనలేం. ముందు వాడుకోలేకపోవడం అతని తప్పు కాదు, అతనికి కాలువ తవ్వినవాడు లేడు. అదే పాలమూరులో రాజోలిబండ మళ్ళింపు కాలువ కింద 87,500 ఎకరాల ఆయకట్టు ఏళ్ళ తరబడి కాగితం మీద ఉంటూనే వచ్చింది. పిల్లనగ్రోవి తయారుచేసిన పిల్లా, ఆడుకోవడానికి ఏమీ లేని పిల్లా ఇక్కడ ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

రాష్ట్రం విడిపోయాక 2015లో, పొలాల నుంచి తిరిగి నదిలో చేరే నీళ్ళనూ కలుపుకుని 811 టీఎంసీలను తాత్కాలికంగా 512, 299గా పంచుకున్నారు. తెలంగాణ ఆ లెక్క ఒప్పుకోనంది, 2023లో కేంద్రం రెండో ట్రిబ్యునల్‌కే ఆ పంపకం మళ్ళీ అప్పగించింది. ఎవరి వాటా ఎంతన్నది చెప్పేటంత జ్ఞానం నాకు లేదు. నాకు ముఖ్యంగా కనబడేది ఇంకొకటి. ఏ కాలువలోకి ఎన్ని నీళ్ళు మళ్ళుతున్నాయో గంట గంటకూ చూపించే టెలిమెట్రీ పరికరాలు ఎక్కడెక్కడ పెట్టాలన్న దాని మీదే కృష్ణా బోర్డు దగ్గర రెండు రాష్ట్రాలూ ఏళ్ళ తరబడి వాదించుకుంటూ వచ్చాయి. కొనుగోలు కేంద్రంలో చిన్నాన్న అడిగిందీ అదే. ఇటు తిప్పు, నాకూ కనబడనీ.

ఇక ఇంట్లో పంపకం.

తెలుగువాళ్ళ ఆస్తి తగాదాలకు వెనక తొమ్మిది వందల ఏళ్ళ చరిత్ర ఉంది. కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర, పుట్టుకతోనే కొడుక్కి తండ్రి ఆస్తిలో హక్కు ఉందని చెప్పింది. పదమూడో శతాబ్దంలో, తిక్కన కాలంలో, కేతన దాన్ని విజ్ఞానేశ్వరము పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ధర్మశాస్త్రం తెలుగులో ఉంటే తెలుగు చదివేవాడు తన హక్కేమిటో తానే చూసుకోవచ్చు. ఇప్పటి కోర్టు కాగితాలు చేతిలో పట్టుకుని, అందులో ఏముందో ప్లీడరు గుమస్తాను అడిగే మనిషిని చూసినప్పుడల్లా నాకు కేతన మీద గౌరవం పెరుగుతుంది.

అన్నదమ్ముల పంపకానికి మన పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. లేదా చీట్లు రాసి చెంబులో వేసి, ఏమీ తెలియని చిన్నపిల్లతో తీయిస్తారు. ఏ వాటా తనకొస్తుందో తెలియనప్పుడు పెద్దవాడు బావి ఉన్న చెలకకూ, రోడ్డు పక్క మడికీ మధ్య ఎంత జాగ్రత్తగా గట్టు వేస్తాడో చూసి తీరాలి. అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో రాసిన పెద్ద గ్రంథానికి ఊపిరి ఇలాంటి ఆలోచనే. సమాజంలో తన చోటు ఏదో ఎవరికీ తెలియకుండా నియమాలు రాసుకోమంటే అందరూ అట్టడుగు మనిషిని తలుచుకునే రాస్తారంటాడు ఆయన. మన పెద్దమనుషులు చెంబులో చీట్లు వేసి అదే పని చేశారు. కాకపోతే ఆ చెంబులో ఆడపిల్ల పేరున చీటీ ఉండేది కాదు.

ఆ చీటీ పడడానికి చాలా కాలం పట్టింది. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతుర్ని కొడుకుతో సమానం చేసింది. దేశంలో ఈ దారి పట్టిన తొలి రాష్ట్రాల్లో మనది ఒకటి. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన ఆడపిల్లలు అందులోకి రాలేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేదు, చెల్లికి ఉంది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం మరో పదిహేనేళ్ళు కోర్టుల్లో నలిగింది. ఉండనక్కర్లేదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ తీర్పు వచ్చిన మరుసటి ఏడాది కోస్తాలో ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసుకు నేను సాక్షి సంతకం పెట్టడానికి వెళ్ళాను. తెలిసినవాళ్ళ కుటుంబం. అక్క, ఇద్దరు తమ్ముళ్ళు. అక్క తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం. వరండాలో బెంచీ మీద దస్తావేజు రాసే ఆయన కాగితాలు సర్దుతున్నాడు.

"అక్కా, ఇక్కడా ఇక్కడా పెట్టు" అన్నాడు పెద్ద తమ్ముడు.

"ఇందులో ఏముందో ఒకసారి చదివించరా."

"అంతా మామూలేనే అక్కా. ఎండెక్కుతోంది, ఇంటికెళ్ళి భోంచేయాలి."

ఆవిడ పెన్ను బెంచీ మీద పెట్టింది. దస్తావేజు రాసే ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చదివాడు. ఎకరా ముప్ఫై రెండు సెంట్లు. సర్వే నంబరు, నాలుగు దిక్కుల హద్దులు, మార్కెట్ విలువ. తూర్పు హద్దు దగ్గర ఆవిడ చేయెత్తింది. "అది మా నాన్న చింతచెట్టు కదూ" అంది. అవునన్నారు. అంతా విన్నాక సంతకం పెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎందుకమ్మా అని అడిగాను. "రేపు నా కూతురి పెళ్ళిలో మేనమామగా వాళ్ళే నిలబడాలి. పుట్టింటి గడప మూసుకుంటే ఆ ఎకరంతో నేనేం చేసుకోను బాబూ" అంది. వాటా తీసుకుంటే గడప ఎందుకు మూసుకోవాలో, తమ్ముళ్ళు వాటా తీసుకున్నా వాళ్ళకు ఏ గడపా ఎందుకు మూసుకోదో నేను అడగలేదు. అడగాల్సింది ఆవిడను కాదు. పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా అనే ప్రతి అన్నదమ్మునీ అడగాలి. ఇచ్చింది ఎంత, రావలసింది ఎంత అని కాగితం మీద పక్కపక్కన రాసి చూపించిన పుట్టింటిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆవిడ కనీసం ఏం వదులుకుంటున్నదో చెవులారా విని వదులుకుంది. చాలామంది అక్కలకు ఆ మాత్రం కూడా జరగదు.

కూలి దగ్గరికి వస్తే కొలత దాచే పద్ధతి మరో రకం. స్త్రీపురుషులకు సమాన పనికి సమాన వేతనం అని 1976లోనే చట్టం వచ్చింది. పొలంలో దాన్ని దాటడానికి పనికి పేరు మార్చితే చాలు. నాటు ఆడపని, గట్టు చెక్కడం మగపని. పని వేరు కాబట్టి కూలి వేరు. రోజంతా నడుము వంచి బురదలో వెనక్కి నడిచే పని ఎందుకు తేలికైనదో ఏ కొలబద్దా చెప్పదు. మనిషికే కాదు, కోతికి కూడా ఈ తేడా తెలుస్తుందని 2003లో సారా బ్రాస్నన్, ఫ్రాన్స్ డి వాల్ చూపించారు. పక్క కోతికి అదే పనికి ద్రాక్షపండు ఇస్తుంటే చూసిన కపుచిన్ కోతి, అంతవరకూ సంతోషంగా తింటున్న దోసకాయ ముక్కను వద్దంది. ఆ ప్రయోగంలో నాకు నచ్చేది పక్క బోనులోకి చూపు ఆనడం. ఇద్దరి మధ్య అడ్డుతెర ఉంటే ఆ కోతి దోసకాయే తినేదేమో. జీతం ఎంతో పక్కవాడికి చెప్పొద్దని నియామక పత్రంలో రాయించుకునే కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లి నుంచే మొదలైంది. ఆడా మగా ఒకే రేటు అన్నది ఒక పెద్ద అడుగు. నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం దానితో పాటు వచ్చిన సామాజిక తనిఖీ. దాని వేరు రాజస్థాన్‌లో ఉంది. 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు కూలీల హాజరు పట్టీలైన మస్టర్ రోళ్ళు సంపాదించి ఊరి మధ్య పెద్దగా చదివారు. కట్టని భవనానికి బిల్లులు, రాని కూలీలకు కూలి. ఆ చదువులోంచే సమాచార హక్కు ఉద్యమం పెరిగి 2005లో చట్టమైంది. ఆంధ్రప్రదేశ్ ఆ పద్ధతిని ప్రభుత్వ యంత్రాంగంలోకే తెచ్చింది. కూలీల కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, రికార్డులు చేతికిచ్చి, ఇంటింటికీ పంపారు. "అమ్మా, ఫలానా నెలలో నీ పేరున పద్దెనిమిది రోజులు పడ్డాయి, చేశావా?" అని ఒక ముసలమ్మను ఆమె గడప ముందు కూర్చుని అడగడం, ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టి "తొమ్మిదే నాయనా" అనడం, ఆ మాట రేపు ప్రజావేదిక మీద మైకులో అధికారుల ముందు వినబడడం. కొలత తిరగేసి మనిషి వైపు పెట్టడం అంటే అదీ. తేలిన సొమ్ములో తిరిగి రాబట్టింది కొద్ది భాగమేనన్నది నిజం. తప్పు చేసినవాళ్ళు మరో మండలంలో మళ్ళీ చేరడం కూడా నిజం. అయినా ఆ ముసలమ్మ నోట తొమ్మిది అన్న అంకె బయటికి వచ్చింది.

పట్నంలో కొత్త కూలీకి ఆ అవకాశం కూడా ఇంకా రాలేదు. ఫోను చూసుకుంటూ భోజనం పొట్లాలు చేరవేసే కుర్రాడికి ఈ ట్రిప్పుకు నలభై, అదే దూరానికి ఇంకో ట్రిప్పుకు ఇరవై ఎనిమిది ఎందుకో తెలియదు. అడుగుదామంటే ఎదురుగా మనిషి లేడు. కాంటా పక్కన కుర్రాడైనా ఉండేవాడు, నొచ్చుకునేవాడు. రాజస్థాన్ 2023లో దేశంలో మొదటిసారి వీళ్ళ కోసం చట్టం చేసింది. రేటు కట్టే లెక్క పనిచేసేవాడికి చూపించాలన్న కోరిక అక్కడి నుంచి మొదలుకావాలి.

ఇప్పటిదాకా చెప్పిన వాటన్నిటిలో అవతలి మనిషిని కొలతలోకి తీసుకోవడమైనా జరిగింది. కులం దగ్గర అదీ ఉండదు. హోటల్లో రెండు రకాల గ్లాసులు పెట్టినవాడు ఎవరికి ఎంత టీ పోయాలో ఆలోచించడు. కారంచేడులో 1985 జులైలో గొడవ మొదలైంది దళితులు తాగే నీళ్ళ చెరువు దగ్గర. గేదెల కుడితి ఆ నీళ్ళలో కలుపుతుంటే వద్దన్నందుకు మొదలై, ఆరుగురు దళితుల ప్రాణాలు పోయేదాకా వెళ్ళింది. ఇటు తిప్పు, నాకూ కనబడనీ అని అడిగితే చిన్నాన్నకు ఒక నొచ్చుకున్న జవాబు వచ్చింది. ఇవి తాగే నీళ్ళు అన్నందుకు అక్కడ గొడ్డళ్ళు వచ్చాయి. సుప్రీంకోర్టులో చివరి మాట పడేసరికి 2008 వచ్చింది.

చుండూరు 1991 ఆగస్టులో. ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ కేసులో బాధితులు పట్టుబట్టి సాధించిన ఒక విషయాన్ని మనం తగినంత గుర్తుపెట్టుకోలేదు. ప్రత్యేక కోర్టు ఎక్కడో జిల్లా కేంద్రంలో కాకుండా చుండూరులోనే పెట్టించారు. కూలికి పోయేవాళ్ళు, చార్జీలకు డబ్బుల్లేని వాళ్ళు, తమవాళ్ళ చావు మీద జరిగే విచారణను కళ్ళారా చూశారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు సాక్ష్యాలు చాలవని అందరినీ విడిచిపెట్టింది. ఆ రెండో తీర్పు వినడానికి ఊరివాళ్ళు హైదరాబాదు వైపు చూడాల్సి వచ్చింది. సాక్ష్యం విలువ కట్టే పని న్యాయమూర్తులది, అందులో నేను తలదూర్చలేను. కానీ ఎనిమిది మంది చనిపోయారు, చంపినవాళ్ళు ఎవరూ లేరు అన్న లెక్కను ఏ కాంటా మీద పెట్టి ఆ ఊరికి చూపించాలో నాకు తెలియదు.

దేశంలో పెండింగు కేసులు ఐదు కోట్లు దాటాయి. జైళ్ళలో ఉన్న నలుగురిలో ఇంచుమించు ముగ్గురు ఇంకా విచారణ ముగియనివాళ్ళు. అందుకే 1987 చట్టం కింద వచ్చిన లోక్ అదాలత్‌లను చూసి జనం ఊరట పొందుతారు. యాక్సిడెంటు కేసు ఒక్క శనివారం తెగిపోతే ఎవరికి చేదు? ఫీజు లేదు, అప్పీలు లేదు. వాటి మేలు నేను తక్కువ చేయను. ఒక్కటి మాత్రం మనసులో ముల్లులా ఉంటుంది. ఇద్దరూ రాజీకి కూర్చుంటారు, కానీ ఇద్దరి దగ్గరా ఒకే గడియారం ఉండదు. బీమా కంపెనీ పదేళ్ళు ఆగగలదు. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో మిగిలిన మనిషి జూన్‌లో స్కూలు ఫీజు కట్టాలి. పన్నెండు లక్షలు రావలసిన చోట ఐదుకు ఆమె సంతకం పెట్టిందంటే ఒప్పుకుని పెట్టిందని రికార్డులో ఉంటుంది. మర్యాదరామన్న కథల్లో న్యాయమూర్తి తెలివంతా దాగిన నిజాన్ని నలుగురి ముందుకు రప్పించడంలో ఉంటుంది. ఆమె ఎందుకు ఒప్పుకుందో బయటపెట్టే రామన్న ఇప్పుడు ఆ బల్ల దగ్గర ఉండడు.

ఇంత రాసి మా ఇంటి సంగతి దాచడం సరికాదు. వంటింట్లో గోడకు తెలుగు క్యాలెండరు ఉంటుంది. పాల లెక్క, గ్యాసు బండ తేదీ, మా ఇంట్లో పనిచేసే ఆవిడ రాని రోజులు, అన్నీ దాని మీదే. నెలకు రెండు రోజుల సెలవు, ఆపైన నాగాకు కోత. ఈ నియమం మేం పెట్టిందే, రాని రోజుకు సున్నా చుట్టేదీ మేమే. ఎనిమిదేళ్ళుగా ఆవిడ ఆ క్యాలెండరు కిందే గిన్నెలు తోముతోంది. అందులో తన రోజులు ఏవో ఎప్పుడూ అడగలేదు, మేమూ చూపించలేదు. పోయిన ఉగాదికి ఆవిడ కూతురు ఇంకో చిన్న క్యాలెండరు తెచ్చి తల్లికిచ్చింది. రోజూ పని అయ్యాక కొంగు ముడిలోంచి పెన్సిలు తీసి అందులో గీత పెట్టుకోవడం మొదలైంది.

నెలాఖరున మా సున్నాలు నాలుగు, ఆవిడ లెక్కలో మూడు. నా భార్య రెండు క్యాలెండర్లూ డైనింగు టేబుల్ మీద పక్కపక్కన పెట్టింది. తేడా వచ్చింది పదహారో తేదీ దగ్గర.

"ఆ రోజు నేను వచ్చానమ్మా. పొద్దున ఆరున్నరకు. తాళం వేసి ఉంది. పక్కింటి వాచ్‌మన్‌ను అడగండి, అరగంట మెట్ల మీద కూర్చుని వెళ్ళాను" అంది.

పదహారుకు ముందు రోజు రాత్రే మేం ఊరెళ్ళాం, ఆవిడకు చెప్పలేదు. తిరిగొచ్చాక గిన్నెలు అలాగే ఉండడం చూసి సున్నా చుట్టింది నేనే. ఎనిమిదేళ్ళలో ఇలాంటి సున్నాలు ఇంకెన్ని చుట్టానో లెక్క తీయడానికి పాత క్యాలెండర్లు లేవు, ఏ ఏటికా ఏడు పారేశాం. ఆ రోజు కోసిన డబ్బు ఇచ్చాను. ఆవిడ లెక్కపెట్టుకుని కొంగున కట్టుకుంది. మా క్యాలెండరు తీసి, పదహారు మీది సున్నాను తన పెన్సిలుతో అడ్డంగా కొట్టేసి, మళ్ళీ మేకుకు తగిలించి పనిలోకి వెళ్ళింది.